అరటి నాటే ముందు: మందు కంటే పిలకే ముఖ్యం

తొలకరి పడగానే గోదావరి లంకల్లో అరటి పిలకల బేరాలు మొదలవుతాయి. రసాయనాలు వద్దనుకున్నవాళ్లు ఒక వేపనూనె డబ్బా కొనుక్కుని నిశ్చింతగా కూర్చుంటారు. మొదటి ఏడాది నేనూ అంతే. ఊరికే వస్తున్నాయని ఒక పాత కార్శి తోట (మొదటి పంట కోశాక పిలకల నుంచే మళ్లీ పెంచిన తోట) నుంచి పిలకలు తెచ్చాను. గెలలు వేశాక చిన్న గాలికే చెట్లు ఒరిగిపోయాయి. ఒకదాన్ని కోసి చూస్తే దుంప నిండా నల్లటి సొరంగాలు. దుంపలో దూరిన ముక్కుపురుగును ఆకు మీద కొట్టిన వేపనూనె ఏం చేస్తుంది?

వెడల్పాటి ఆకులున్న నీటి పిలకలు వద్దు. కత్తిలా సన్నటి ఆకులున్న సూది పిలకలు, ఒకటిన్నర నుంచి రెండు కిలోలవి ఏరుకోండి. మొవ్వులో ఆకులు కురచగా గుత్తిలా వచ్చే వెర్రితెగులు ఒక్క చెట్టుకు కనిపించినా ఆ తోట పిలకలు ముట్టుకోవద్దు. దుంప మీది వేర్లు, పైపొర చెక్కేస్తే తెల్లగా తేలాలి. గోధుమరంగు చార కనిపిస్తే ఇంకాస్త లోతుగా చెక్కండి. అది లోపలికి పోతుంటే పారేయడమే. చెక్కినవాటిని రాత్రంతా పాత తోట గట్టున వదిలేయకండి. ముక్కుపురుగులు తిరిగేది రాత్రిళ్లే, కోసిన దుంప వాసనకు వచ్చేస్తాయి. వేర్లను పాడుచేసే, కంటికి కనిపించని నులిపురుగుల అనుమానం ఉంటే 54 డిగ్రీల వేడినీళ్లలో 20 నిమిషాలు ఉంచి తీయాలి. థర్మామీటర్ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు, దుంప ఉడికిపోతుంది.

గుంతలో వేయడానికి 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే మేలు బూజు పొడి) కలిపి, తడి చల్లి, నీడలో గోనెసంచులు కప్పండి. వారం, పది రోజుల్లో బూజు అల్లుకుంటుంది. ఆ తర్వాతే వేయాలి. దీనితో రాగి మందులు కలపకండి, బూజు చస్తుంది.

నాటాక ముక్కుపురుగులకు ఎర కావాలంటే గెల కోసిన బోదె చాలు. మూరెడు ముక్కలు చేసి, నిలువునా చీల్చి, కోసిన వైపు నేలకు ఆనేలా పెట్టండి. తెల్లారి తిప్పి చూస్తే కింద నల్లటి పురుగులు ఉంటాయి. ఏరి సబ్బునీళ్లలో వేయండి. ఎండిన ముక్కలు మార్చడం మర్చిపోతే అవే పురుగులకు ఇల్లవుతాయి.

వేపనూనె పనికొచ్చేది పేనుబంకకు, అంటే వెర్రితెగులును చెట్టు నుంచి చెట్టుకు మోసే చిన్న రసం పీల్చే పురుగుకు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, ముందు సబ్బుతో పాలలా కలిసేదాకా గిలక్కొట్టి, సాయంత్రం పూట మొవ్వు, ఆకు తొడిమల సందుల్లో పడేలా కొట్టాలి. ఎండలో కొడితే దాని బలం త్వరగా పోతుంది. వెర్రితెగులు వచ్చిన చెట్టుకు మాత్రం ఏ కషాయమూ లేదు. ముందు దాని మీది పేనుబంకను చంపి, ఆ తర్వాతే దుంపతో సహా తవ్వేయాలి. లేకపోతే కదిలించగానే పేనుబంక తెగులుతో సహా పక్క చెట్టుకు పోతుంది.

సిగటోకా అనే ఆకుమచ్చ తెగులుకు మందు ఇదే: నీరు నిలవకుండా కాలువలు తీయడం, అడ్డదిడ్డంగా వచ్చిన పిలకలు కోసేయడం, మచ్చ పడిన ఆకులు తోట బయటికి తీసేయడం. వర్షాలు ముదిరాక మొదలుపెడితే ఆలస్యమే.