టెక్సాస్‌లో మొదటి గన్ క్లాసు: ఎక్కడ డబ్బు కట్టాలి, ఎక్కడ వద్దు

"అక్కా, ఎల్‌టీసీ చేసేస్తే సరిపోతుందా?" డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఎల్‌టీసీ అంటే హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవడానికి టెక్సాస్ ఇచ్చే లైసెన్స్. మేము అర్వింగ్‌లో కన్వీనియన్స్ స్టోర్ నడుపుతాం. అర్ధరాత్రి లెక్క చూసుకుని తాళం వేసేది నేనే కాబట్టి గన్‌ల విషయం నాకు బాగా తెలుసని అందరికీ ఒక నమ్మకం. సరిపోదు అన్నదే నా జవాబు. ఎందుకో చెప్పేముందు ఇంకో సంగతి ఉంది, అది తేలకుండా క్లాసుల మాట అనవసరం.

మీ వీసా ఏంటి? హెచ్1బీ, హెచ్4, ఎల్1, ఎఫ్1 లాంటి వాటి మీద ఉంటే, ఫెడరల్ చట్టం ప్రకారం గన్ గానీ తూటాలు గానీ మీ చేతిలో ఉండటమే మామూలుగా నేరం. కొనడం ఒక్కటే కాదు, రేంజ్‌లో, అంటే గన్ కాల్చడం ప్రాక్టీస్ చేసే చోట, అద్దెకు తీసుకుని పది నిమిషాలు కాల్చినా అది "దగ్గర ఉంచుకోవడం" కిందికే వస్తుంది. వీకెండ్‌లో స్నేహితుడి బర్త్‌డేకి సరదాగా రేంజ్‌కి వెళ్లి, ఫొటో తీసుకుని ఇన్‌స్టాలో పెట్టే పిల్లల్ని చూస్తే నాకు టెన్షన్. 2022లో మారిన చట్టం ప్రకారం దీనికి శిక్ష 15 ఏళ్ల దాకా ఉండొచ్చు, పైగా ఇమ్మిగ్రేషన్ దెబ్బ వేరే. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి ఒక మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ దాన్ని రూమ్మేట్ మాట మీదో వాట్సాప్ ఫార్వర్డ్ మీదో నమ్మకండి, ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడిగి కదలండి. గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లకి ఈ అడ్డు లేదు. కింద రాసేదంతా వాళ్ల కోసం.

ఇప్పుడు ఎల్‌టీసీ, అంటే లైసెన్స్ టు క్యారీ. నాలుగు నుంచి ఆరు గంటల పాఠం, ఒక రాతపరీక్ష, తర్వాత 50 తూటాల పరీక్ష. 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10 కాల్చాలి. 250 మార్కులకి 175 వస్తే పాస్. పాఠం ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, కాల్చడం మాత్రం ఇన్‌స్ట్రక్టర్ ఎదురుగానే. ఇందులో ఎక్కువ భాగం చట్టం. గన్ ఎలా పట్టుకోవాలి, ఎలా గురి చూడాలి అన్నది మీకు ముందే వచ్చినట్టు లెక్క. టార్గెట్ పెద్దది, దూరం తక్కువ, కాబట్టి సరైన పట్టు రానివాళ్లు కూడా పాసైపోతారు. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో అర్హత ఉన్నవాళ్లు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ వెంట ఉంచుకోవచ్చు. అయినా ఎల్‌టీసీ తీసుకోమనే చెబుతాను. దాన్ని గుర్తించే వేరే రాష్ట్రాలకి వెళ్లినప్పుడు పనికొస్తుంది, ఫీజు 40 డాలర్లే. కాకపోతే అది రెండో మెట్టు. మొదటి మెట్టు కాల్చడం నేర్పే క్లాసు.

అలాంటి క్లాసు వెతికేటప్పుడు ఫోన్ చేసి కొన్ని ప్రశ్నలు సూటిగా అడగండి. రేంజ్ మీద ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది స్టూడెంట్లు? నలుగురైదుగురు దాటితే కొత్తవాళ్లకి లాభం లేదు, మీ చేతులు చూసేవాడు ఉండడు. ఒక్కొక్కరు ఎన్ని తూటాలు కాల్చాలి? ఇరవయ్యో ముప్పయ్యో అంటే అది పరిచయం మాత్రమే. వందా, వందా యాభై అంటే నేర్పబోతున్నారన్నమాట. అద్దె గన్ ఇస్తారా? ఇవ్వకపోతే వేరే చోటు చూసుకోండి, ఎందుకంటే క్లాసుకి ముందు గన్ కొనడం నాకు ససేమిరా నచ్చదు. ఎన్‌ఆర్‌ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) వాళ్ల బేసిక్ పిస్టల్ లాంటి కోర్సు అయితే ఇంచుమించు ఒక రోజు పడుతుంది, పాఠ్యం కుదురుగా ఉంటుంది. అయితే ఒకే సర్టిఫికెట్ ఉన్న ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్ల మధ్య నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉండొచ్చు.

ఆ తేడా కనిపెట్టడానికి ఒక దారి ఉంది. గన్ ఎప్పుడూ నిండి ఉందనే అనుకోవాలి, నాశనం చేయదలచని దేని వైపూ గొట్టం తిప్పకూడదు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు, గురి వెనక ఏముందో తెలిసి ఉండాలి. ఈ నాలుగు నియమాలూ జెఫ్ కూపర్ పేరు మీద ప్రసిద్ధం. 1976లో అరిజోనాలో గన్‌సైట్ అనే శిక్షణ కేంద్రం పెట్టింది ఆయనే. ప్రతి ఇన్‌స్ట్రక్టరూ వీటిని బోర్డు మీద రాస్తాడు. మీరు మాత్రం బోర్డు చూడకండి, ఆయన చేతిలో గన్ చూడండి. మాట్లాడుతూ మాట్లాడుతూ గొట్టం ముందు వరస మీదుగా తిప్పాడంటే, "పర్లేదు, ఖాళీదే" అని నవ్వినా సరే, బ్యాగ్ తీసుకుని లేచి వచ్చేయండి. డబ్బు పోతే పోయింది. నేను అలా లేచి వచ్చిన చోటు ఒకటుంది.

మంచి ఇన్‌స్ట్రక్టర్ ఏం చేస్తాడో ఒకటి చెబుతాను. మీకు కనబడకుండా మ్యాగజైన్‌లో, అంటే గన్‌లోకి తూటాలు అందించే డబ్బాలో, అసలు తూటాల మధ్య ఒకటి రెండు పేలని డమ్మీ తూటాలు కలిపి ఇస్తాడు. మీరు గురి చూసి నొక్కుతారు, పేలుతుంది. మళ్లీ నొక్కుతారు, పేలుతుంది. మూడోసారి "టిక్" అంటుంది, అంతే. పేలకపోయినా గన్ ముక్కు కిందికి వంగిపోవడం మీకే కనబడుతుంది. చప్పుడు వస్తుందని ముందే బెదిరి, మణికట్టు కిందికి తోస్తున్నారన్నమాట. తూటాలు టార్గెట్‌లో కిందెక్కడో పడుతున్నది అందుకే. "రిలాక్స్ అవ్వు, రిలాక్స్ అవ్వు" అని అరవడం కాకుండా ఇలా చూపించగలిగేవాడి దగ్గర నేర్చుకోండి. క్లాసులో ఈ డ్రిల్ చేయిస్తారా అని ముందే అడగవచ్చు. కాలేజీలో ఎన్‌సీసీ చేసిన మగవాళ్లు "మాకు వచ్చు" అంటుంటారు. నేల మీద పడుకుని పాయింట్ టూ టూ (చిన్న సైజు తూటా) రైఫిల్ కాల్చడానికీ, నిలబడి చేతులు చాచి పిస్టల్ కాల్చడానికీ పోలికే లేదు. వాళ్లకీ ఇదే క్లాసు.

ఆడవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. షాపులో గానీ, ఇంట్లో మీ ఆయన గానీ "నీకు ఈ చిన్నది బాగుంటుంది" అని అరచేతిలో పట్టే గన్ చూపిస్తారు. గన్ ఎంత తేలికైతే అంత గట్టిగా వెనక్కి తంతుంది, పట్టుకోవడానికి చోటూ తక్కువే. కొత్తవాళ్లకి కొంచెం బరువున్న, మధ్య సైజు నైన్ ఎమ్ఎమ్ పిస్టల్ నయం. మొదటి గంట పాయింట్ టూ టూ పిస్టల్‌తో మొదలుపెట్టే క్లాసు దొరికితే మరీ మంచిది. స్లయిడ్ (పిస్టల్ పైన వెనక్కి లాగే భాగం) లాగలేకపోతున్నామనేది కూడా ఎక్కువసార్లు బలం సమస్య కాదు. పై చేత్తో స్లయిడ్‌ని గట్టిగా పట్టి, కింది చేత్తో గన్‌ని ముందుకి తోస్తే వచ్చేస్తుంది. ఈ కిటుకు నేర్పకుండా, స్లయిడ్ ఉండదు కదా అని "రివాల్వర్ కొనుక్కోండి" అనే ఇన్‌స్ట్రక్టర్ మీకు అక్కర్లేదు.

బట్టలు: మెడ మూసి ఉండే టీషర్ట్, టోపీ, బూట్లు. వెడల్పు మెడ కుర్తీ వేసుకుంటే కాల్చాక గన్‌లోంచి ఎగిరిపడే వేడి వేడి ఇత్తడి కేసింగ్ (ఖాళీ తూటా తొడుగు) లోపల పడుతుంది, ఆ మంటకి గన్ ఎటు తిప్పుతున్నారో మీకే తెలియదు. ఇండోర్ రేంజ్ అయితే చెవుల్లో ప్లగ్స్ పెట్టుకుని పైన చెవులు మూసే మఫ్స్ కూడా వేసుకోండి. పక్క లేన్‌లో రైఫిల్ కాలుస్తుంటే దూరం లేన్ ఇమ్మని అడగండి, ఇస్తారు. అయిపోయాక చల్లటి నీళ్లతో సబ్బు పెట్టి చేతులు, ముఖం కడుక్కోవాలి. గాల్లో, చేతుల మీద సీసం ఉంటుంది, ఇంట్లో చంటిపిల్లలు ఉంటే బట్టలు మార్చుకునే ఎత్తుకోండి.

ఇక ఆత్మరక్షణ క్లాసు. సేఫ్టీ, పట్టు, గురి కుదిరాకే దీనికి వెళ్లాలి. ఇక్కడ నేను చూసేది ఒకటే: ఎప్పుడు కాల్చకూడదో ఎంతసేపు చెబుతారు అని. బలప్రయోగం ఎప్పుడు చట్టబద్ధమో చెప్పే టెక్సాస్ పీనల్ కోడ్ 9వ అధ్యాయం మీద, దొంగ పారిపోతున్నప్పుడు ఏం చేయాలనే దాని మీద, 911కి ఏం చెప్పాలి, పోలీసులు వచ్చేసరికి చేతులు ఎలా ఉండాలి అనేవాటి మీద మాట్లాడని క్లాసు నాకు వద్దు. మా స్టోర్ సంగతే తీసుకోండి. గల్లా పెట్టెలో ఉన్న డబ్బు కోసం ఎవడైనా గన్ చూపిస్తే ఇచ్చేసి పంపించమని పనివాళ్లకి చెప్పాం. కమాండో బట్టలు వేయించి, కారు వెనక దూకించే వీకెండ్ కోర్సులకి మన ఐటీ వాళ్లు బాగానే ఖర్చు పెడుతున్నారు. వీడియోలు బాగా వస్తాయి, అంతకు మించి కొత్తవాళ్లకి ఒరిగేదేం లేదు. ఆ డబ్బులో కొంత రేంజ్ తూటాలకి పెట్టండి, ఒక పూట స్టాప్ ది బ్లీడ్ క్లాసుకి వెళ్లండి. రక్తం ఆపడం నేర్పుతారు, చాలాచోట్ల ఉచితం, కారు యాక్సిడెంట్‌లోనూ పనికొస్తుంది.

ఇంట్లో పిల్లలున్నవాళ్లు క్లాసుకి పేరు ఇచ్చేరోజే గన్ పెట్టి తాళం వేసే సేఫ్ కూడా చూసుకోండి. 17 ఏళ్ల లోపు పిల్లలకి నిండిన గన్ అందేలా ఉంచితే టెక్సాస్‌లో నేరం పెద్దవాళ్లదే. గన్ భద్రత కోసం పనిచేసే ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ వాళ్ల కేబుల్ తాళాలు (గన్‌కి వేసేవి) చాలా పోలీస్ స్టేషన్లలో ఉచితంగా ఇస్తారు, వెళ్లి అడగడమే.