ఎగుడుదిగుడు నేలపై బూమ్ లిఫ్ట్: లేపేముందు, లేపాక

బూమ్ లిఫ్ట్ అంటే పొడవైన చేయి (బూమ్) చివర మనిషి నిలబడే బాస్కెట్ ఉండే మెషిన్. "45 శాతం వాలు ఎక్కుతుంది" అని దాని వివరాల్లో చూసి చాలామంది పొరబడతారు. అది బూమ్ పూర్తిగా దించి, లోపలికి ముడిచి నడిపేటప్పటి లెక్క. బాస్కెట్ పైకి లేపి పనిచేయాలంటే చాలా మోడళ్లలో చాసిస్ (చక్రాలున్న కింది భాగం) వాలు 5 డిగ్రీలు దాటకూడదు, కొన్ని సిజర్ లిఫ్టుల్లో (కత్తెరలా విచ్చుకుంటూ నిలువుగా లేచేవి) ఇంకా తక్కువ. మీ మెషిన్ ప్లేటు మీద ఎంత రాసి ఉంటే అంతే. 5 డిగ్రీల వాలు కంటికి పెద్దగా ఆనదు. కానీ 15 మీటర్ల ఎత్తులో అది బాస్కెట్‌ను 1.3 మీటర్లు పక్కకు నెడుతుంది.

మెషిన్ తేకముందే దారంతా, నిలిపే చోటంతా కాలినడకన చూసి రండి. కొత్తగా పూడ్చిన కాలువ పైపైన గట్టిగానే కనిపిస్తుంది. గడ్డపార సులువుగా దిగిపోయిందంటే అక్కడ నిలపొద్దు. తవ్విన గుంత ఎంత లోతుంటే, దాని అంచుకు కనీసం అంత దూరంలో ఉండాలి. మట్టి వదులుగా ఉంటే ఇంకా ఎక్కువ. 2 మీటర్ల వెడల్పున్న మెషిన్‌కు ఒకవైపు చక్రాలు 10 సెంటీమీటర్లు కుంగితే చాలు, దాదాపు 3 డిగ్రీలు ఒరుగుతుంది.

నిలిపిన వెంటనే బూమ్‌ను పూర్తిగా చాపకండి. బూమ్ ఎటు తిరిగితే బరువు అటువైపు చక్రాల మీద పడుతుంది కాబట్టి, ఇందాక గట్టిగా ఉన్న టైరు కింది నేల ఇప్పుడు కుంగవచ్చు. కొంచెం లేపి ఆగాలి, కింద ఉన్నవారు టైర్లు చూసి చెప్పాక ఇంకొంచెం లేపాలి. ఈ ఓపిక లేకపోతే మిగతా జాగ్రత్తలన్నీ వృథా.

టిల్ట్ అలారం (మెషిన్ ఎక్కువ ఒరిగిందని చెప్పే హెచ్చరిక) మోగితే ముందు బాస్కెట్ ఏ వైపుందో చూడండి. టెలిస్కోపిక్ బూమ్‌లలో (ఒకదాంట్లోంచి ఒకటి బయటికి సాగేవి) సాధారణ పద్ధతి ఇది: బాస్కెట్ వాలుకు ఎగువన ఉంటే మొదట బూమ్ దించి, తర్వాత ముడవాలి. దిగువన ఉంటే మొదట ముడిచి, తర్వాత దించాలి. దిగువన ఉన్నప్పుడు ముందే దించితే బూమ్ ఇంకా దూరానికి వాలి, మెషిన్‌ను బోల్తా కొట్టించే బలం పెరుగుతుంది. కంగారులో ఈ వరుస తారుమారవుతుంది కాబట్టి పని మొదలుపెట్టేముందే మీ మెషిన్ మాన్యువల్లో చూసి పెట్టుకోండి. ఒరుగుదలను పసిగట్టే సెన్సర్‌ను మాత్రం ఎప్పుడూ బైపాస్ చేయకూడదు.

టర్న్‌టేబుల్ (బూమ్‌ను మోస్తూ చాసిస్ మీద తిరిగే భాగం) వెనుక చక్రాలు దాటి తిరిగితే స్టీరింగ్, ముందుకు వెనక్కు అన్నీ తలకిందులవుతాయి. కదిలేముందు చాసిస్ మీది బాణం రంగు, ప్యానెల్ మీది బాణం రంగు పోల్చి చూడండి. బూమ్ లేపి ఉండగా గుంతల మీదుగా నడపకూడదు. కింద చక్రానికి తగిలిన చిన్న కుదుపు పైన మనిషిని విసిరేసేంత ఊపు అవుతుంది. అందుకే హార్నెస్ (ఒంటికి కట్టుకునే భద్రతా పట్టీలు) తాడు పొట్టిగా ఉండాలి, బాస్కెట్ లోపలి యాంకర్‌కే (తాడు తగిలించే కొక్కేనికే) తగిలించాలి, పక్కనున్న కట్టడానికి కాదు.

గాలి పరిమితి చాలా మెషిన్లలో సెకనుకు 12.5 మీటర్లు. రేకులు, ప్లైవుడ్ పలకలు పైకి తీసుకెళ్తే గాలిపట్టు పెరుగుతుంది కనుక అంతకంటే ముందే ఆపాలి. వాన పడితే మళ్లీ దిగి నేల చూడాలి, పొద్దున చూసిన నేల ఇప్పుడది కాదు.

కింద ఒక మనిషి తప్పనిసరి. అతనికి గ్రౌండ్ కంట్రోల్ (కింది నుంచి బూమ్‌ను నడిపే మీటలు) వాడటం, ఇంజన్ ఆగిపోతే అత్యవసరంగా దించే పంపు ఎక్కడుందో తెలియడం ముఖ్యం. రోజూ పని మొదలుపెట్టేముందు అతని చేతే బాస్కెట్‌ను ఒకసారి లేపించి, ఆ పంపుతో దింపించండి.