వెనక బ్రేక్ పట్టట్లేదా? నట్టు తిప్పే ముందు ఇవి చూడండి

హైదరాబాద్‌లో ఏ గల్లీ మెకానిక్ దగ్గర ఆగి "భాయ్, వెనక బ్రేక్ పట్టట్లేదు" అన్నా, అతని చెయ్యి ముందు పోయేది పెడల్‌ను వెనక చక్రానికి కలిపే రాడ్ చివరి నట్టు మీదికే. రెండు చుట్లు తిప్పుతాడు, పెడల్ గట్టిపడుతుంది, చేతిలో ఎంతో కొంత పెట్టి వచ్చేస్తాం. చాలాసార్లు దాంతో పనైపోతుంది. కానప్పుడు మాత్రం అసలు జబ్బు అలాగే ఉండి, పైకి తగ్గినట్టు కనిపిస్తుంది. మన ఊళ్లో ఎక్కువ బైకులకు వెనక డ్రమ్ బ్రేకే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

పెడల్ బాగా కిందికి పోతోంది

సెంటర్ స్టాండ్ వేసి పెడల్‌ను చేత్తో నొక్కండి. బ్రేక్ అందుకునే ముందు పెడల్ కొస రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీగా కదలాలి. చాలా కమ్యూటర్ బండ్లకు లెక్క ఇదే, మీ బండి పుస్తకంలో వేరేగా ఉంటే అదే పాటించండి. అంతకంటే ఎక్కువ కదిలితే నట్టు బిగించాలి. ఒక్కో అరచుట్టు తిప్పి చక్రాన్ని చేత్తో గిరగిరా తిప్పి చూడండి. ఆ నట్టుకు ఒక పక్క గుండ్రటి గాడి ఉంటుంది. అది లివర్ (రాడ్ లాగితే తిరిగి బ్రేక్ పట్టించే, డ్రమ్ పక్కనున్న చిన్న చెయ్యి) పిన్ను మీద సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకుండా వదిలేస్తే, రోడ్డెక్కిన కాసేపటికి అదే సర్దుకుని పెడల్ మళ్లీ వదులవుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. పెడల్‌ను పూర్తిగా నొక్కించి డ్రమ్ పక్కన చూడండి. లివర్ దగ్గర చిన్న బాణం గుర్తు, ప్లేట్ మీద ఒక గీత ఉంటాయి. బాణం గీతను చేరిందంటే లైనర్లు, అంటే డ్రమ్‌కు లోపల ఒరుసుకుని చక్రాన్ని ఆపే పట్టీలు, అయిపోయినట్టే. ఇక నట్టుతో పనిలేదు. కొందరు లివర్‌ను ఊడదీసి, అది కూర్చునే ఇరుసు మీది పళ్లలో ఒక పన్ను జరిపి బిగిస్తారు. పెడల్ కొత్తదానిలా అనిపిస్తుంది, బాణం మాత్రం అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. అరిగిన లైనర్లతో అలా నడిపిస్తూ పోతే లైనర్లను డ్రమ్ మీదికి నెట్టే లోపలి క్యామ్ తిరగాల్సినదానికంటే ఎక్కువ తిరిగి ఇరుక్కుపోవచ్చు, చక్రం ఉన్నపళంగా పట్టేయవచ్చు. నా మాటైతే, "పన్ను జరుపుతా" అన్నవాడికి దండం పెట్టి లైనర్లు మార్పించుకోండి. పుత్లీబౌలిలో కొంటే మీ మోడల్ పేరు, సంవత్సరం చెప్పి కంపెనీవే అడగండి. కొత్తవి డ్రమ్‌కు పూర్తిగా ఆనడానికి కొన్ని రోజులు పడుతుంది, అప్పటిదాకా ముందు వెళ్లే బండికి కాస్త దూరం పాటించండి.

పెడల్ గట్టిగానే ఉంది, బండి ఆగట్లేదు

లైనర్ల మందం ఉన్నా పై పొర అద్దంలా మెరుస్తోందంటే వేడికి గట్టిపడిందన్నమాట. దానికి కారణం చాలావరకు మన కుడికాలే. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి కిందికి దిగేటప్పుడో, అమీర్‌పేట ట్రాఫిక్‌లో పాకేటప్పుడో పాదం పెడల్ మీదే పెట్టి కూర్చుంటాం. మీకు ఈ అలవాటుందో లేదో వెనక వచ్చే స్నేహితుణ్ణి అడగండి, మీ బ్రేక్ లైటు ఆరిందే లేదంటే ఉన్నట్టే. వాలులో గేరు తగ్గించి ఇంజిన్‌తో బండిని పట్టండి, పెడల్ నొక్కి వదులుతూ ఉండండి.

మెరుపును ఎమరీ పేపర్‌తో రుద్ది తీసేయొచ్చు. నూనె, గ్రీజు తాకిన లైనర్లను మాత్రం రుద్దినా లాభం లేదు, మార్చాల్సిందే. డ్రమ్‌లో దుమ్మును నోటితో, గాలి గొట్టంతో ఊదకండి, ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడవండి.

బండి లాగట్లేదు, మైలేజ్ పడిపోయింది

ఇది నాకు జరిగింది. చైన్ వదులైందని ఒకచోట బిగించి ఇచ్చారు. ఖైరతాబాద్ దాటేసరికి బండి బరువెక్కినట్టు అనిపించింది. ఆపి వెనక హబ్ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. చైన్ బిగించడమంటే చక్రాన్ని వెనక్కి జరపడమే. చక్రంతో పాటు లివర్ వెనక్కి పోతుంది, రాడ్ పొడవు మాత్రం మారదు. దాంతో ఎవరూ నొక్కకుండానే బ్రేక్ పట్టుకుని కూర్చుంటుంది. కాబట్టి ఎప్పుడైనా ముందు చైన్, తర్వాతే బ్రేక్. చైన్ బిగించిన ప్రతిసారీ చక్రం తిప్పి చూసి, పట్టేస్తుంటే నట్టు వదులు చేయించండి.

చైన్ ముట్టుకోకుండానే పట్టేస్తుంటే క్యామ్ తుప్పుపట్టి వెనక్కి రావట్లేదనో, స్ప్రింగ్ నీరసపడిందనో అర్థం. విప్పి శుభ్రం చేసి క్యామ్‌కు గ్రీజు పూయాలి. పూయాలంటే పూయాలే, పులమకూడదు.

కీచుమనే శబ్దం కూడా సాధారణంగా ఈ దుమ్ము, మెరుపుల వల్లే. బండి కడిగాక మొదటి రెండు మూడు నొక్కుళ్లకు వస్తే పట్టించుకోనక్కర్లేదు.

వానలో నొక్కగానే వెనక చక్రం జారుతోంది

ఇది బ్రేక్ జబ్బు కాకపోవచ్చు. బ్రేక్ వేయగానే బరువు ముందుకు పోతుంది, వెనక చక్రం తేలికవుతుంది, తేలికైన చక్రం త్వరగా లాక్ అవుతుంది. తొలకరిలో రోడ్డు మీది ఆయిల్, దుమ్ము కలిసి జిగురైనప్పుడు మరీను. మొదట వెనక టైరు సంగతి చూడండి, గాడుల్లోని చిన్న గట్లు పై పొరతో సమానమైతే టైరు మార్చాలి. తర్వాత కాలు చూసుకోండి. పొడి రోడ్డు మీద ఆపే పని ఎక్కువగా ముందు బ్రేక్‌ది. వెనకది బండిని కుదురుగా ఉంచడానికి. రెండూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి పెంచాలి. జారిందా, హ్యాండిల్ తిన్నగా ఉంచి కాలు నెమ్మదిగా వదలండి. బండి అడ్డం తిరిగాక ఒక్కసారిగా వదిలితే ఎగరేసి కొడుతుంది.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నింటికీ ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. అయితే సింగిల్ ఛానల్ అంటే అది ముందు చక్రానికే, వెనకది మామూలుగానే లాక్ అవుతుంది. మోకాలి లోతు నీళ్లలోంచి బయటపడ్డాక డ్రమ్ అసలు పట్టదు. కాసేపు నెమ్మదిగా పోతూ, పెడల్‌ను తేలిగ్గా నొక్కి ఆరబెట్టండి.

వెనక బ్రేక్ రాజ్యమేలే చోట్లూ ఉన్నాయి. మెట్రో పిల్లర్ల మధ్య యూటర్న్‌లో ముందు బ్రేక్ నొక్కితే బండి ఒరిగిపోతుంది, వెనకదైతే నిలబెడుతుంది. వెనక మనిషి కూర్చుంటే వెనక చక్రం మీద బరువు పెరిగి బ్రేక్ ఇంకా బాగా పనిచేస్తుంది. బంజారాహిల్స్ ఎత్తులో సిగ్నల్ పడితే ఎడమకాలు నేల మీద, కుడికాలు పెడల్ మీద. క్లచ్ అందుకున్నాక పెడల్ వదిలితే బండి వెనక్కి జారదు.

డిస్క్ ఉన్నవాళ్లకు

పెడల్ స్పంజిలా మెత్తగా ఉంటే లైనులో గాలి చేరింది, లేదా ఆయిల్ పాతదైంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155 దగ్గరే మరిగిపోవచ్చు. రెండేళ్లకోసారి మార్పించి గాలి తీయించండి. ఒక ప్యాడ్ అరిగి, రెండోది కొత్తగా ఉంటే క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) పిన్నులు ఎండిపోయాయని అర్థం. బ్రేక్ ఆయిల్ బండి రంగు మీద పడితే వెంటనే నీళ్లు పోయండి.

నట్టు తిప్పాక చివర్లో బ్రేక్ లైటు కూడా చూసుకోవాలి. రాత్రి బండి వెనక భాగాన్ని గోడ వైపు పెట్టి పెడల్ నొక్కండి. బ్రేక్ అందుకునేలోపే గోడ మీద ఎర్ర వెలుగు పడాలి. ఆలస్యమైతే స్విచ్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ నట్టు తిప్పి సర్దండి. స్విచ్‌నే తిప్పితే వైర్లు మెలిపడి తెగుతాయి.