మేకలు ఒక్క పిల్లనే ఈనుతున్నప్పుడు కారణాన్ని ఎక్కడ వెతకాలి?

ఒడిశాలో వంశధార నది ఒడ్డున కాశీనగరం నుంచి గుణుపురం వరకు, ఇటు పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్లలోనూ మేకలు పెంచే తెలుగువారిళ్లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది: "మేక బాగానే ఉంది గాని ఈతకు ఒక్క పిల్లకు మించి వేయడం లేదు." ఆ మాట వెంటనే మేకను అమ్మేయాలన్న ఆలోచన కూడా వస్తుంది. నేను చూసినంతలో మేకను అమ్మవలసిన సందర్భాలు తక్కువ. మేక ఎదలో ఉన్నప్పుడు ఎన్ని అండాలు విడుదలయ్యాయి, వాటిలో ఎన్ని ఫలించాయి, మొదటి నెలలో ఎన్ని గర్భంలో నిలిచాయి అన్న మూడు విషయాలే పిల్లల సంఖ్యను నిర్ణయిస్తాయి. చూలుకాలం సుమారు 150 రోజులు కనుక, ఈనడానికి నాలుగు నెలల ముందే లెక్క దాదాపు తేలిపోయి ఉంటుంది. అందుచేత కారణాన్ని పోతు దాటిన రోజుకు ముందు, వెనుక ఉన్న వారాలలో వెతకాలి.

మందలో ఎక్కువ మేకలు ఒంటి పిల్లనే ఈనుతున్నాయి

మొదట జాతిని, ఈతను గమనించాలి. మన ప్రాంతంలో గొల్లలు తరతరాలుగా మేపుతున్న గంజాం మేక పెద్ద ఒళ్లు, పొడవైన నిటారు కొమ్ములు ఉన్న గట్టి జాతి. అది సహజంగానే ఎక్కువసార్లు ఒంటి పిల్లను ఈనుతుంది. నల్ల బెంగాల్ మేక ఒళ్లు చిన్నదైనా కవలలను, ఒక్కోసారి మూడు పిల్లలను కూడా ఈనుతుంది. తొలిచూలు మేక ఒక్క పిల్లను ఈనితే అది లోపం కాదు. మూడో ఈత నుంచి ఐదో ఈత వరకు కవలలు పుట్టే అవకాశం పెరుగుతుంది.

మూడు ఈతలు దాటినా మార్పు లేకపోతే, దాటించే ముందు మేక ఒంటి స్థితి ఎలా ఉందో పరీక్షించాలి. నడుము మీద చేయి వేసి నొక్కినప్పుడు వెన్నెముక కొసలు పదునుగా తగిలితే ఆ మేక బక్కచిక్కినదని అర్థం. ఏప్రిల్, మే నెలలలో కొండ వాలుల మీద పచ్చి ఆకు లేక మన మేకలు సరిగ్గా ఈ స్థితికే వస్తాయి, ఆ నీరసంలోనే దాటితే ఒక్క అండమే విడుదలవుతుంది. దీనికి పరిష్కారం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. దాటించడానికి మూడు వారాల ముందు నుంచి ఒక్కో మేకకు రోజుకు 200 నుంచి 250 గ్రాముల దాణా, అంటే చోళ్లు లేదా మొక్కజొన్న నూక, ఉలవలు, తవుడు, కొద్దిగా వేరుశనగ చెక్క కలిపినది, ఖనిజ మిశ్రమంతో పాటు పెట్టాలి. మొదటి రోజునే పూర్తి మోతాదు పెడితే కడుపు పులిసి మేక ప్రాణం మీదికి వస్తుంది కనుక, గుప్పెడుతో మొదలుపెట్టి వారం రోజులలో పెంచుకుంటూ పోవాలి. చాలామంది పోతు దాటగానే దాణా మానేస్తారు. అది తప్పు, పిండాలు గర్భసంచికి అంటుకునేది ఆ తరువాతి మూడు వారాలలోనే కనుక అప్పుడూ కొనసాగించాలి. ఇప్పటికే కొవ్వు పట్టిన మేకకు మాత్రం ఈ దాణా వల్ల ప్రయోజనం లేదు.

జూన్ రెండో వారం నుంచి జూలై మధ్య వరకు దాటిన మేకలు నవంబర్, డిసెంబర్‌లలో ఈనుతాయి. వానలు వెనకబట్టి, వరికోతల తరువాత పొలాలలో మేత దొరికే ఆ కాలం పిల్లలకు అన్నివిధాలా మంచిది.

మరొక కారణం మన ఎంపికలోనే ఉంది. దొడ్డిలో అన్నిటికంటే పెద్దగా ఎదిగిన పిల్లనే పోతుగా ఉంచుకుంటాము. తల్లి పాలన్నీ ఒక్కటే తాగింది కనుక పెద్దగా ఎదిగేది చాలావరకు ఒంటిగా పుట్టిన పిల్లే. అలా తరం తరువాత తరం ఒంటి ఈతనే నిలుపుకుంటున్నాము. కవలగా పుట్టి, చక్కగా ఎదిగిన పిల్లను పోతుగా ఉంచాలి. అయితే ఈ గుణం తల్లిదండ్రుల నుంచి వచ్చేది కొద్ది పాళ్లలోనే కనుక ఫలితం పోతు కూతుళ్లలో, అదీ నెమ్మదిగా కనిపిస్తుంది. రెండేళ్లకొకసారి పోతును మార్చకపోతే అది తన కూతుళ్లనే దాటుతుంది, పిల్లల సంఖ్య, బలం రెండూ పడిపోతాయి. తల్లీ తండ్రీ రెండూ పుట్టుకతోనే కొమ్ములు లేని బోడివైతే ఆడామగా కాని గొడ్డు పిల్లలు పుట్టవచ్చు. జతలో ఒకటైనా కొమ్ములది ఉండాలి.

దాటిన మేకలు మళ్లీ ఎదకు వస్తున్నాయి

కావి రంగును నూనెలో కలిపి పోతు రొమ్ముకు పూస్తే, దాటిన ప్రతి మేక నడుము మీద గుర్తు పడుతుంది. 21 రోజుల తరువాత వేరే రంగు పూయాలి. రెండో రంగు ఒకటి రెండు మేకల మీదే కనిపిస్తే లోపం ఆ మేకలలో ఉంది. సగానికి పైగా మేకల మీద కనిపిస్తే లోపం పోతులో ఉంది. ఎద 21 రోజులకు కాక 35, 40 రోజులకు తిరిగి వస్తే చూలు నిలిచి కరిగిపోయిందని అనుమానించి, మేతను, కడుపులోని నట్టలను (పురుగులను) పరిశీలించాలి.

నేను మేకలు మొదలుపెట్టిన కొత్తలో ఈ తేడా తెలియక మూడు మంచి మేకలను గొడ్డువని అమ్మేశాను. ఆ మే నెలలో పోతుకు తీవ్రమైన జ్వరం వచ్చి తగ్గింది. తగ్గింది కదా అని జూన్‌లో మందలోకి వదిలాను. జ్వరం గాని మండుటెండ గాని తగిలిన పోతులో వీర్యం మళ్లీ బాగుపడడానికి సుమారు ఏడు వారాలు పడుతుంది. అమ్మిన ఆ మేకల తప్పు ఏమీ లేదన్న సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. పోతుకు చెట్టు నీడ, చల్లని నీరు తప్పక ఉండాలి, 20 నుంచి 25 మేకలకు ఒక పోతు చొప్పున ఉంచాలి.

నెలలు నిండకుండా ఈసుకుపోతున్నాయి

ఒక మేక పొడుచుకుని ఈసుకుపోవడం వేరు, వరసగా మూడు నాలుగు ఈసుకుపోవడం వేరు. రెండో సందర్భంలో బ్రుసెల్లా, పీపీఆర్ వంటి అంటురోగాలను అనుమానించి వెంటనే లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్‌కు గాని పశువైద్యునికి గాని తెలిపి రక్త పరీక్ష చేయించాలి. బ్రుసెల్లా మనుషులకూ సోకుతుంది కనుక పడిపోయిన పిండాన్ని, మావిని ఉత్త చేతులతో ముట్టకూడదు. సున్నం వేసి లోతుగా పూడ్చాలి. చూలు మొదటి నెలన్నరలో ఆల్బెండజోల్ తాగించడం కూడా పిండానికి హాని చేస్తుంది. నట్టల మందును దాటించే ముందే తాగించడం మేలు.

కవలలు పుట్టినా దక్కడం లేదు

పిండం బరువులో ఎక్కువ భాగం చివరి 50 రోజులలోనే పెరుగుతుంది. ఆ రోజుల్లో దాణా అందకపోతే పిల్లలు బలహీనంగా పుడతాయి, తల్లికి పాలు చాలవు. కవలల చూలుతో ఉన్న మేక చివరి నెలలో మేత మాని తూలుతూ ఉంటే అది శక్తి చాలక వచ్చే జబ్బు. బెల్లం నీళ్లు తాగించి ఆ రోజే వైద్యునికి చూపించాలి. పుట్టిన పిల్ల బొడ్డుకు టించర్ అయోడిన్ అద్ది, గంటలోపు మురుపాలు తాగించాలి. రెండింటిలో చిన్నది తోపులాటలో వెనకబడుతుంది కనుక, దానిని ముందు పొదుగు దగ్గరకు చేర్చి, తాగిన తరువాతే పెద్దదానిని వదలాలి. తల్లికి పాలు చాలకపోతే అప్పుడే ఈనిన మరో మేక పాలు తాగించాలి.