ఐబీ, రాలో పై కుర్చీ దాకా వెళ్లాలంటే ఏ దారి పట్టాలి

డిగ్రీ అవగానే చాలామంది ఐబీ (దేశం లోపలి నిఘా చూసే ఇంటెలిజెన్స్ బ్యూరో) ఏసీఐఓ గ్రేడ్ 2 (అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్) నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తుంటారు. మంచి ఉద్యోగమే. వయసు 18 నుంచి 27 (రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంటుంది), జీతం లెవెల్ 7, అంటే మూలవేతనం రూ.44,900తో మొదలవుతుంది, పైగా 20 శాతం భద్రతా భత్యం. ముందు ఆబ్జెక్టివ్ పేపర్, తర్వాత వ్యాసరూప పేపర్, ఆపైన ఇంటర్వ్యూ.

కానీ మీ కన్ను డైరెక్టర్ కుర్చీ మీద ఉంటే మాత్రం ఈ దారి అక్కడిదాకా పోదు. గ్రేడ్ 2 నుంచి గ్రేడ్ 1, తర్వాత డీసీఐఓ (డిప్యూటీ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్), ఆ తర్వాత అసిస్టెంట్ డైరెక్టర్, ఇలా ఒక్కో మెట్టుకీ ఏళ్లు పడతాయి, ఈలోగా రిటైర్మెంట్ వచ్చేస్తుంది. పైన కూర్చునేది ఐపీఎస్‌లే. ఐబీ డైరెక్టర్ అయిన తపన్ డేకానే చూడండి, 1988 బ్యాచ్ ఐపీఎస్, హిమాచల్ ప్రదేశ్ కేడర్. ఆయన ఆ కుర్చీలోకి వచ్చింది 2022లో. లెక్క వేసుకోండి, ముప్పై ఏళ్లు దాటింది.

కాబట్టి సివిల్స్ రాయండి, ఐపీఎస్ తెచ్చుకోండి. హైదరాబాద్ అకాడమీలో శిక్షణ అయ్యాక జిల్లాల్లో కొన్నేళ్లు పనిచేసి, డిప్యుటేషన్ మీద (అంటే రాష్ట్రం నుంచి తాత్కాలిక బదిలీగా) కేంద్రానికి రావాలి. చాలామంది ఎస్పీ హోదా, సైరన్ కారు వదులుకోలేక ఇక్కడే వెనక్కి తగ్గుతారు. ఐబీలో మీరు ఎంత గొప్ప పని చేసినా పేపర్లో పేరు రాదు, ఆ క్రెడిట్ పోలీసులకే పోతుంది. పేరు కావాలనుకునేవాళ్లు ఇటు రాకపోవడమే మేలు.

విదేశాల్లో నిఘా చూసే రా (రీసెర్చ్ అండ్ ఎనాలిసిస్ వింగ్) సంగతి వేరు. 1968లో ఐబీ నుంచి విడగొట్టి ఆర్.ఎన్. కావ్ చేతికి అప్పగించిన సంస్థ ఇది, క్యాబినెట్ సెక్రటేరియట్ కింద ఉంటుంది. ఐబీ ఏసీఐఓలాంటి పరీక్ష పెట్టి మనుషుల్ని తీసుకోదు, ఎక్కువగా ఇతర సర్వీసుల నుంచి చూసుకుని పిలుస్తుంది, కొందరు తర్వాత అక్కడే స్థిరపడిపోతారు. అందుకే వాట్సాప్‌లో 'రా ఏజెంట్ ఉద్యోగం, ఫీజు కట్టండి' అని వస్తే అది పక్కా మోసం, రిప్లై కూడా ఇవ్వకండి.

ఇంకోటి, రిటైరయ్యాక అనుభవాలన్నీ పుస్తకం రాసేద్దాం అనుకుంటున్నారేమో. 2021లో పెన్షన్ నిబంధనలు మార్చారు, సంస్థ పనికి సంబంధించినది ఏది అచ్చు వేయాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలి, లేదంటే పెన్షన్‌కే ఎసరు.