చెరువు కట్టకు బుంగ పడితే సాపర్లు బస్తాలు వేసే పద్ధతి

సాపర్లంటే సైన్యంలోని ఇంజనీరింగ్ దళం వాళ్లు. యుద్ధంలో వాళ్ల పని మూడు రకాలు. మన సైన్యానికి దారి వేయడం, అంటే మందుపాతరలు ఏరడం, వాగు మీద వంతెన దించడం. శత్రువుకు దారి లేకుండా చేయడం, అంటే వంతెన కూల్చడం, అడ్డుకట్టలు పెట్టడం. మూడోది మనవాళ్లు తలదాచుకునేందుకు బంకర్లు, కందకాలు కట్టడం. ఈ మూడో పనిలో వాళ్ల చేతిలో ఎక్కువగా ఆడేది ఇసుక బస్తానే. వరదలొస్తే కట్టల మీదికి వచ్చేదీ అదే. 1780లో పుట్టిన మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ కేంద్రం మనకు దగ్గర్లో బెంగళూరులోనే ఉంది. వయనాడు విపత్తులో 190 అడుగుల బెయిలీ వంతెన (ముందే తయారైన ఉక్కు ముక్కలు బిగించి వేసేది) వేసి 2024 ఆగస్టు 1న వాడుకలోకి తెచ్చింది ఆ దళమే.

బంకర్‌కూ చెరువు కట్టకూ బస్తా ఒకటే అయినా గుణం తిరగబడుతుంది. తూటాను పొడి ఇసుక బాగా ఆపుతుంది. తడిసిన ఇసుకలోకి తూటా ఇంకా లోతుగా దిగుతుంది. నీటిని ఆపేటప్పుడు మాత్రం తడిసి, ఒకదానికొకటి అతుక్కుపోయిన బస్తాలే కావాలి. అందుకే బస్తాను నిండుగా నింపకూడదు. సగం నుంచి మూడింట రెండొంతుల వరకే. ఒక్కోటి 15 నుంచి 20 కిలోలుండాలి. బియ్యం మూటలా బిగించి కట్టిన బస్తా గుండ్రంగా నిలుస్తుంది, పక్కదానితో కలవదు, మధ్య సందుల్లోంచి నీళ్లు వచ్చేస్తాయి. బస్తాల గోడ కారడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. మూతి తాడుతో బిగించక్కర్లేదు, మడిచి కిందికి తోస్తే చాలు. స్వర్ణముఖి నది ఇసుక దొరక్కపోతే ఇసుక కలిసిన ఎర్రమట్టి వాడొచ్చు. ఉత్త బంకమట్టి వద్దు, అది గడ్డలు కట్టి బస్తా పరుచుకోదు. పాత సిమెంటు సంచుల కంటే గోనె సంచులు జారవు. కాకపోతే తొందరగా కుళ్లిపోతాయి.

కట్ట దిగువన నీళ్లు కనిపించగానే పరుగెత్తి బస్తాలు తేవొద్దు. ముందు ఆ నీటిని తెల్లటి గాజు సీసాలో పట్టి పావుగంట కదపకుండా పెట్టండి. తేటగా ఉంటే అది ఊట. చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చి, గంటకోసారి పారకం పెరుగుతోందో లేదో చూస్తే చాలు. అడుగున మట్టి పేరుకుంటే కట్ట లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టు. చెట్ల వేళ్లు కుళ్లిన చోట, ఎలుకలూ పందికొక్కులూ తవ్విన చోట, తూము గోడ పక్కన ఇది మొదలవుతుంది. వెంటనే నీటిపారుదల శాఖకూ తహసీల్దారు కార్యాలయానికీ చెప్పాలి. కింది ఊళ్లను అప్రమత్తం చేసే పని వాళ్లది, ఆలస్యం చేయకూడదు. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు బుంగ పడినప్పుడు, కింది ఊళ్లను ఖాళీ చేయించి ఇసుక బస్తాలతో కట్టను బలపరిచారు.

ఇప్పుడు అసలు పని. బుంగను మట్టితోనో రాళ్లతోనో కుక్కి మూయకూడదు. అందరూ చేసే తప్పు ఇదే. లోపలి ఒత్తిడి తగ్గదు కాబట్టి నీళ్లు పక్కన మరోచోట తన్నుకొస్తాయి, ఈసారి ఇంకా పెద్దగా. సాపర్లు బుంగ చుట్టూ బావి గట్టులా వలయం కడతారు. ముందు గడ్డి, బురద చెక్కేసి గట్టి నేల తేల్చాలి. బుంగ అంచు నుంచి వలయానికి 2, 3 అడుగుల ఖాళీ వదలాలి. వలయం గోడ పాదం వెడల్పు దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకూడదు. ప్రతి వరుస బస్తా కింది రెండింటి అతుకు మీద పడాలి, ఇటుక గోడలాగే. మడిచిన మూతిని పక్క బస్తా కప్పాలి. ఒక్కో వరుస వేశాక కాళ్లతో తొక్కి బిగించాలి. వలయంలో నీళ్లు పైకి లేచేకొద్దీ వాటి బరువు బుంగను ఎదురునొక్కుతుంది. నీళ్లు తేటబారగానే ఎత్తు పెంచడం ఆపి, ఆ మట్టానికి ఒక పీవీసీ పైపు పెట్టి మిగులు నీటిని దూరంగా వదలండి. పారకాన్ని పూర్తిగా ఆపాలని చూడొద్దు, మట్టి రాకుండా ఆగితే మన పని అయినట్టే.

ఒక్క బుంగ కాకుండా కట్ట పాదమంతా చెమ్మగిల్లి, కాలు వేస్తే దిగబడుతుంటే వలయం పనికిరాదు. ముందు ముతక ఇసుక, దాని మీద 10 నుంచి 20 ఎం.ఎం. కంకర చిప్స్, పైన పెద్ద రాళ్లు పరవాలి. వరుస తలకిందులైతే మట్టి రాళ్ల సందుల్లోంచి జారిపోతుంది.

నీళ్ల వైపు సుడి కనిపిస్తే అక్కడే బుంగ నోరు. టార్పాలిన్ కింది అంచుకు బస్తాలు కట్టి కట్ట మీది నుంచి దొర్లించి దించండి. ఒత్తిడే దాన్ని నోటికి అతికిస్తుంది. నీళ్లలోకి మాత్రం ఎవరూ దిగకూడదు, నడుముకు తాడు కట్టుకున్నా సరే.

మొరవ (మిగులు నీళ్లు పోయే అలుగు) చాలక నీళ్లు కట్ట పైదాకా వస్తుంటే ముందు మొరవకు అడ్డుపడ్డ చెత్త, చేపల వలలు తీయండి. వాటితోనే సగం సమస్య తీరడం మామూలే. ఆ తర్వాతే కట్ట మీద బస్తాల వరుస. నడుమ బస్తా లోతున చిన్న కాలువ తీసి మొదటి వరుస అందులో దింపితే గోడ జారదు. ఒక అడుగు ఎత్తు గోడకు కింద 3 అడుగుల వెడల్పు ఉండాలి. 100 అడుగుల పొడవుకు 600 నుంచి 800 బస్తాలు పడతాయి. ఎత్తు రెట్టింపైతే బస్తాలు రెట్టింపుతో సరిపోవు, ఇంచుమించు మూడు రెట్లవుతాయి. నీళ్ల వైపు నల్ల పాలిథీన్ కాగితం వదులుగా పరవండి, బిగదీస్తే ఒత్తిడికి చిరిగిపోతుంది. తడిసిన కట్ట మీదికి జేసీబీ ఎక్కించొద్దు. దాని బరువుకూ అదురుకూ కట్ట జారుతుంది. బస్తాలను చేతి మీద చేయిగా వరుసలో నిలబడి అందించాల్సిందే.

వాన వెలిశాక తూములన్నీ ఒక్కసారిగా ఎత్తేసి చెరువు ఖాళీ చేయాలని ఊళ్లో ఎవరో ఒకరు అంటారు. నీళ్లు వేగంగా దిగితే నీళ్ల వైపు వాలు తడి బరువుకు ఆధారం లేక కూలిపోతుంది. ఇంజనీరు చెప్పిన కొద్దీ దించండి. మట్టం బుంగ నోటి కంటే కిందికి పోయేదాకా వలయంలో ఒక్క బస్తా కూడా కదపొద్దు.