పొదిగే పెట్ట కింద గుడ్లు మురిగిపోతుంటే: నా అనుభవం

గజపతినగరం దగ్గర మా ఊళ్లో వదిన నాటుపెట్టను 13 గుడ్ల మీద కూర్చోబెట్టిన రెండుసార్లూ నాలుగేసి పిల్లలే దిగడంతో, తప్పు పెట్టదేనని దాన్ని అమ్మేయబోతుంటే నేను ఆపాను. మా ఇంట్లోనూ ఒకప్పుడు అదే జరిగింది. మిగతా పెట్టలు అదే గంపలోకి దూరి కొత్త గుడ్లు పెడుతుండటం వల్ల, మొదటి పిల్లలు రాగానే తల్లి వాటి వెంట లేచిపోయి, వెనకబడిన గుడ్లు చల్లారిపోయేవి. ఈసారి గుడ్లకు బొగ్గుతో గీత పెట్టి, చీకటి పడ్డాక పెట్టను వేరే గదిలోని గంపలోకి మార్చాము. ఏడో రాత్రి టార్చి వెలుగులో 11 గుడ్లలో సాలెగూడులాంటి ఎర్రటి నరాలు కనిపించాయి. ఖాళీగా వెలిగిన రెండింటినీ తీసేశాము. పెట్ట మేతకు లేచిన పావుగంటకే వదిన కంగారుపడేది గాని, అంతమాత్రం చల్లదనానికి గుడ్లు చెడవు. 21వ రోజు సాయంత్రానికి పది పిల్లలు దిగాయి.